నది మన దారి: పాపికొండల్లో పడవలు, ఇంజిన్లు, నిబంధనల చరిత్ర



మొన్న మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, పాపికొండలు నేషనల్ పార్కు కదా. మన నాటు పడవకి చిన్న ఇంజిన్ బిగించుకుంటే ఎవరైనా పట్టుకుంటారా? అసలు ఈ రూల్సు ఎవరు రాశారు?" రెండు ప్రశ్నలే కానీ ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. చదివిన దాన్నీ పెద్దవాళ్ళ దగ్గర విన్నదాన్నీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి. చివరిదాకా చదివితే ఇది ఇంజిన్ గొడవ ఒక్కటే కాదని మీకే తెలుస్తుంది.

ముందు ఒక మాట. మైదానంలో వాళ్ళకి గోదావరి అంటే స్నానం, పుష్కరం, సాగునీరు. కొండల మధ్య ఊళ్ళకి గోదావరి అంటే రోడ్డు. కొండమొదలు, కచ్చులూరు, పేరంటాలపల్లి, కొల్లూరు లాంటి ఊళ్ళ నుంచి ఆస్పత్రికి పోవాలన్నా, సంతకి పోవాలన్నా, చింతపండు, కొండచీపుర్లు అమ్ముకోవాలన్నా నది మీదే పోవాలి. తెప్ప, దోనె, నాటు పడవ, ఆ తర్వాత లాంచీ. అందుకే నది మీద పెట్టే ప్రతి రూలూ మనకి రోడ్డు మీద పెట్టే రూలే. దీన్ని గుర్తు పెట్టుకుని మిగతాది చదవండి.

ఈ నదిలోకి ఇంజిన్ ఎలా వచ్చింది?

ఆర్థర్ కాటన్ పేరు గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్ళు ఉండరు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. దాని వల్ల డెల్టాకి నీళ్ళొచ్చాయి, కరువు పోయింది. అది అందరూ చెప్పే కథ. పై గోదావరి కథ మాత్రం తక్కువమంది చెబుతారు. ఆనకట్టకి ఎగువన, మన కొండల మధ్య నుంచి, నాగపూర్ వైపు దాకా పడవలు నడపాలన్నది కాటన్ వాళ్ళ ఆలోచన. అక్కడి పత్తిని నది మీదుగా సముద్రానికి తేవాలని. దారిలో రాళ్ళు, ఉధృతాలు మూడు చోట్ల అడ్డం వచ్చాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. ఈలోగా 1867లో రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో పై గోదావరి పనులు ఆపేశారు.

అంటే మన కొండల మధ్య నీటి దారిని బాగుచేయాలన్న మొదటి పెద్ద పథకం పత్తి కోసం పుట్టి, పత్తికి వేరే దారి దొరగ్గానే చచ్చిపోయింది. ఒడ్డున ఉన్న కోయలకి, కొండరెడ్లకి ఏం కావాలో ఆ లెక్కలో లేదు.

తర్వాత 1879 రంపా పితూరీ. చిగురు పన్ను, కల్లు మీద ఆంక్షలు, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం, ఇవన్నీ కలిసి జనం తిరగబడ్డారు. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి పేర్లు మనకి తెలిసినవే. వాళ్ళని అణచడానికి సర్కారు గోదావరి మీద స్టీమర్లలో మనుషుల్ని పంపింది. డెల్టాకి అభివృద్ధి గుర్తుగా కనిపించిన ఆవిరి పడవ, మన వైపు తుపాకులు మోసుకొచ్చింది.

మూడేళ్ళకి 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాన్ని మనం పోడు నిషేధం, రిజర్వు ఫారెస్టు గీతల కోసమే గుర్తు పెట్టుకుంటాం. అదే చట్టం నదిలో కలప తేలించే పనిని, ఆ పని వరకు నదిని, దాని గట్లని కూడా సర్కారు అదుపులో పెట్టింది. అంటే అడవి గీత నేల మీద ఆగలేదు, నీళ్ళలోకి కూడా దిగింది.

ఇక ఇంజిన్ పడవల చట్టం. 1917లో దేశం మొత్తానికి లోతట్టు జలాల ఆవిరి పడవల చట్టం చేశారు. తర్వాత డీజిల్ ఇంజిన్లు కూడా దాని కిందికే వచ్చాయి. దాని సారం చాలా సింపుల్. పడవని సర్వే చేయించాలి, గట్టిగా ఉందో లేదో సర్టిఫికెట్టు తీసుకోవాలి. నడిపే సరంగుకి, ఇంజిన్ డ్రైవరుకి సర్టిఫికెట్లు ఉండాలి. ఎంతమందిని ఎక్కించాలో రాసి ఉండాలి. వందేళ్ళకి పైగా మన దేశంలో లాంచీలన్నీ ఈ చట్టం కిందే నడిచాయి. ఇది చెడ్డ చట్టమని నేను అనను. పడవ గట్టిగా ఉండాలి, నడిపేవాడికి పని రావాలి, మితిమీరి ఎక్కించకూడదు అంటే ఎవరు కాదంటారు? కాకపోతే కాగితం మీద ఉన్నది మన రేవుకి ఎంతవరకు చేరింది? దాని సంగతి కింద చెబుతాను.

స్వాతంత్ర్యానికి ముందే హైమెన్‌డార్ఫ్ మన కొండల్లో తిరిగి కొండరెడ్ల మీద పుస్తకం రాశాడు. 1945లో అచ్చయింది. పాపికొండలనే ఆయన బైసన్ హిల్స్ అన్నాడు. కలప, వెదురు వ్యాపారం కొండల్లోకి వచ్చాక రెడ్ల బతుకు ఎలా మారిందో అందులో ఉంది. వెదురు కొట్టింది మనవాళ్ళు, తెప్పలు కట్టి సుడులు దాటించి కిందికి తెచ్చింది మనవాళ్ళు. లాభం మాత్రం రాజమండ్రి రేవులో ఎవరి జేబులోకి పోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత లాంచీల కాలం. రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా లాంచీలు నడిచాయి. 1973లో బాపు 'అందాల రాముడు', 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి', రెండూ ఈ ప్రయాణాన్ని ఊరూరికీ చూపించాయి. పాపికొండల టూరిజానికి అంతకంటే పెద్ద ప్రచారం లేదు. సినిమాలు బాగున్నాయి, నాకూ ఇష్టమే. కానీ ఆ ప్రయాణంలో కొండ, నీళ్ళు, ఒడ్డున గుడిసె, గుడిసె ముందు నిలబడ్డ మనం, అన్నీ చూడ్డానికి బాగుండే బొమ్మలమే. ఆ లాంచీ తప్ప వేరే దారి లేనివాళ్ళు కూడా ఆ నది మీద ఉన్నారన్న సంగతి చాలామందికి తట్టలేదు.

ఇప్పుడు పార్కు సంగతికి వద్దాం.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1978లో పాపికొండలని అభయారణ్యం చేశారు. అదే ఏడాది కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్ని కూడా అభయారణ్యం చేశారు. 2008లో పాపికొండలు నేషనల్ పార్కు అయింది. విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లకి పైనే, గోదావరికి రెండు వైపులా.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. అదే 2008లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలని, భద్రాచలం నుంచి రాజమండ్రి దాకా 171 కిలోమీటర్ల గోదావరిని, కృష్ణలో కొంత భాగాన్ని కలిపి 4వ జాతీయ జలమార్గం అని ప్రకటించింది. ఒకే ఏడాది, ఒకే చోట, కొండని చూసి "ఇక్కడ అలికిడి ఉండకూడదు" అన్నారు, నదిని చూసి "ఇక్కడ నౌకలు తిరగాలి" అన్నారు. మధ్యలో మన ఊళ్ళు ఉన్నాయి.

తమ్ముడి ప్రశ్నకి జవాబు ఈ రెండింటి మధ్యే ఉంది. వన్యప్రాణి చట్టం 27వ సెక్షన్ అభయారణ్యంలోకి ఎవరు రావచ్చో చెబుతుంది. నేషనల్ పార్కుకి కూడా అదే వర్తిస్తుంది. డ్యూటీ మీద ఉన్న ప్రభుత్వ ఉద్యోగి రావచ్చు. లోపల ఉండడానికి అనుమతి ఉన్నవాళ్ళు, లోపల భూమి మీద హక్కు ఉన్నవాళ్ళు, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళు రావచ్చు. ప్రజా రహదారి మీదుగా దాటిపోయేవాళ్ళు పోవచ్చు. మిగతావాళ్ళకి పర్మిట్ కావాలి. టూరిస్టులకి ఇచ్చేది ఆ పర్మిటే.

ఇప్పుడు ఆలోచించండి. కొండమొదలు నుంచి దేవీపట్నం పోయే మనిషికి గోదావరి ప్రజా రహదారా, కాదా? రోడ్డు లేని చోట నది కాక ఇంకేది రహదారి? చట్టం ఈ మాటని విడమరిచి చెప్పలేదు. కానీ పార్లమెంటే ఆ నదిని జాతీయ జలమార్గం అన్నాక, "అది దారి కాదు" అని మనకి ఎవరైనా చెబితే గట్టిగా అడగడానికి మనకి ఆధారం ఉంది. ఇది నా వాదన. మన గ్రూపులో లా చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు దీన్ని ఇంకా లోతుగా చూడాలి.

సరే, హక్కు ఉందనే అనుకుందాం. హక్కుంటే చాలా? చాలదు. 2018 మే 15 గుర్తు చేసుకోండి.

ఆ రోజు సాయంత్రం కొండమొదలు నుంచి రాజమండ్రి వైపు వస్తున్న లాంచీ మంటూరు దగ్గర ఈదురుగాలికి మునిగిపోయింది. ఎక్కినవాళ్ళు టూరిస్టులు కాదు, మనవాళ్ళు. పనుల మీద, సరుకుల కోసం తిరిగే గిరిజనులు. గాలివానకి తలుపులు వేసుకుని లోపల కూర్చున్నవాళ్ళు బయటికి రాలేకపోయారు. దాదాపు ఇరవై మంది పోయారు. పడవ గట్టిదనం, గాలి హెచ్చరిక, లైఫ్ జాకెట్టు, ఇవన్నీ 1917 నుంచి కాగితాల మీద ఉన్న ఆలోచనలే. నూరేళ్ళయినా మన లాంచీలోకి ఎక్కలేదు. కాబట్టి మిత్రులారా, "మనకి రూల్సు వద్దు" అని మాత్రం ఎవరూ రాయొద్దు. ఆ ఇరవై ఇళ్ళవాళ్ళకి మనం ఆ మాట చెప్పలేం.

తర్వాత ఏడాది, 2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరికి వరద, సుమారు 5 లక్షల క్యూసెక్కుల నీరు. పాపికొండలకి బయల్దేరిన రాయల్ వశిష్ఠ టూరిస్టు బోటు కచ్చులూరు మందం దగ్గర బోల్తా పడింది. డెబ్బై మందికి పైగా ఉన్నారు. 26 మంది బతికారు. వాళ్ళని బతికించింది ఎవరు? ఆ దగ్గరి ఊళ్ళ గిరిజనులు. కేకలు విని తమ పడవలేసుకుని వరదలోకి పోయారు, దొరికినవాళ్ళని దొరికినట్టు లాగి ఒడ్డుకి చేర్చారు. బోటుని అక్టోబరు 22న కాకినాడ ధర్మాడి సత్యం బృందం బయటికి తీసింది.

నాకు ఈ ఘటనలో ఎప్పుడూ గుర్తుండేది ఇదే. ఆ రోజు నది మీద రెండు రకాల పడవలున్నాయి. ఒకటి కాగితాలున్న పెద్ద బోటు, ఇంకోటి ఏ లెక్కలోకీ రాని మనవాళ్ళ చిన్న పడవ. కచ్చులూరు మందం దగ్గర నీరు ఎలా తిరుగుతుందో, ఏ నెలలో ఎటు లాగుతుందో ఆ చిన్న పడవవాళ్ళకి తెలుసు. ఆ తెలివికి ఏ సర్టిఫికెట్టూ లేదు.

ప్రమాదం తర్వాత బోట్లు ఆపేశారు. ఎంక్వైరీలు జరిగాయి. 2020 జూన్‌లో రాష్ట్రంలో బోట్ల రేవుల దగ్గర 9 కంట్రోల్ రూములు పెట్టారు. వాటిలో గండి పోచమ్మ, సింగన్నపల్లి, పేరంటాలపల్లి, పోచవరం మన వైపువే. నీటిమట్టం చూడాలి, బోటులో ఎంతమంది ఎక్కారో లెక్క చూడాలి, అప్పుడే వదలాలి. 2021లో కేంద్రం పాత 1917 చట్టాన్ని తీసేసి కొత్త లోతట్టు నౌకల చట్టం తెచ్చింది. ఇంజిన్ ఉన్న ప్రతి పడవకీ సర్వే, రిజిస్ట్రేషన్, బీమా, అర్హత ఉన్న డ్రైవరు కావాలి. ఇంజిన్ లేని పడవల నమోదు పనిని జిల్లా, పంచాయతీ, గ్రామ స్థాయిలో అప్పగించే వీలు కూడా అందులో ఉంది. ఆ చివరి మాటని కింద గీత గీసుకుని పెట్టుకోండి. ఊరి స్థాయిలో పడవల లెక్క మన చేతిలోకి తెచ్చుకునే దారి అది.

ఇక్కడ కాసేపు గోదావరి దాటి అమెరికా పోదాం. ఎందుకంటే ఇదే తగువు అక్కడ ఎలా తెగిందో మనం చూడాలి.

కెనడా సరిహద్దులో మిన్నెసోటా రాష్ట్రంలో బౌండరీ వాటర్స్ అని పది లక్షల ఎకరాలకి పైబడ్డ అడవి ఉంది. నిండా సరస్సులే. అక్కడ మోటారు పడవలు ఉండాలా వద్దా అని దశాబ్దాల తరబడి కొట్టుకున్నారు. చివరికి 1978లో, అంటే మన పాపికొండలు అభయారణ్యం అయిన ఏడాదే, ఒక చట్టం చేశారు. చాలా సరస్సుల్లో మోటారు పూర్తిగా నిషేధం, తెడ్డు మాత్రమే. కొన్నింట్లో 10 హార్స్‌పవర్ దాకా, కొన్నింట్లో 25 దాకా. కొన్ని సరస్సుల్లో మోటారు ఎప్పటిలోగా ఆపాలో తేదీలు కూడా చట్టంలోనే రాశారు. స్థానికులకి నచ్చింది నచ్చలేదు, ఇప్పటికీ గొడవ ఉంది. కానీ ఏ నీటిలో, ఎంత ఇంజిన్, ఎప్పటిదాకా అన్నది సరస్సు పేరుతో సహా రాసి ఉంది. ఎవరైనా చదువుకోవచ్చు, కోర్టులో అడగొచ్చు.

ఇంకో సంగతి. ఆ ప్రాంతం ఒజిబ్వే ఆదివాసులది. 1854లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నప్పుడు భూమి పోయినా, అక్కడ వేటాడే హక్కు, చేపలు పట్టే హక్కు మాకే అని రాయించుకున్నారు. ఆ కాగితం ఇప్పటికీ వాళ్ళ చేతిలో ఉంది. అడవికి తర్వాత ఎన్ని పేర్లు పెట్టినా, ఆ ముందు రాత వాళ్ళకి పట్టుకొమ్మ. మనకి అలాంటి ముందు రాత ఏది?

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. పోలవరం వస్తోంది. 2014 విభజన చట్టంతో అది జాతీయ ప్రాజెక్టు అయింది. అదే ఏడాది ఖమ్మం నుంచి ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాయి. 2021లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. ఆ ఏడాది, 2022లో కూడా దేవీపట్నం వైపు ఊళ్ళు నీళ్ళలో నానిపోయాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. చాలా ఊళ్ళవాళ్ళు కాలనీలకి పోయారు, కొందరు కొండ మీదికి జరిగారు. ఆ బాధ వేరే పోస్టు. ఇక్కడ చెప్పేది ఒకటే. డ్యాము నిండితే పాపికొండల మధ్య గోదావరి పారే నదిగా ఉండదు. 150 అడుగుల మట్టానికి నిలిచే పెద్ద చెరువు అవుతుంది. దాని గట్లు నేషనల్ పార్కు. అంటే రక్షిత అడవిలో సరస్సు, సరిగ్గా అమెరికా వాళ్ళు కొట్టుకున్న లాంటిదే, మన ముందు తయారవుతోంది.

ఆ సరస్సు మీద ఇంజిన్ రూలు ఎవరు రాస్తారు? టూరిజం వాళ్ళు హౌస్‌బోట్లు అడుగుతారు. అటవీ శాఖ ఇంజిన్ మోత తగ్గించమంటుంది, అందులో న్యాయం ఉంది. ఇంజిన్ నూనె నీళ్ళలో కలుస్తుంది, అలలు గట్టుని కోస్తాయి, మోతకి జంతువు నీళ్ళకి దిగదు. జలవనరుల శాఖకి డ్యాము భద్రత ముఖ్యం. జలమార్గం వాళ్ళకి సరుకు నౌక ముఖ్యం. నలుగురూ కూర్చునే బల్ల దగ్గర ఐదో కుర్చీ లేకపోతే, గర్భిణిని ఆస్పత్రికి తీసుకుపోయే ఆరేడు హార్స్‌పవర్ ఇంజిన్ పడవ, వంద మందితో పాటలు పెట్టుకుని తిరిగే బోటు, రెండూ ఒకే గాటన కట్టేయబడతాయి. పెద్ద బోటువాడు కాగితాలు కొనుక్కోగలడు. మనం కొనలేం. చివరికి పార్కులో ఇంజిన్ మోగుతూనే ఉంటుంది, మనది మాత్రం ఆగిపోతుంది. నా భయం అదే.

మన చేతిలో ఏముంది అంటే, నాలుగు ఉన్నాయి.

ఒకటి, 2006 అటవీ హక్కుల చట్టం. అది నేషనల్ పార్కులకీ, అభయారణ్యాలకీ కూడా వర్తిస్తుంది. సామూహిక హక్కుల్లో చేపలు, ఇతర నీటి ఉత్పత్తుల మీద హక్కు స్పష్టంగా ఉంది. వేట తప్ప తరతరాలుగా అనుభవిస్తున్న వేరే ఏ సంప్రదాయ హక్కునైనా అడగొచ్చు. రేవు, పడవ దారి, ఒడ్డున పడవ కట్టుకునే చోటు, ఇవన్నీ అందులో రాయించుకోవచ్చు. మనం పోడు పట్టాల కోసం మాత్రమే దరఖాస్తు పెట్టాం, నీటిని మర్చిపోయాం.

రెండు, 1996 పెసా చట్టం. భూసేకరణ, పునరావాసం విషయంలో గ్రామసభని అడగాలి. గోదావరి పెసాలో చెప్పిన చిన్న నీటి వనరు కాదు, నిజమే. కానీ రేవు ఊరిదే.

మూడు, రాజ్యాంగం ఐదో షెడ్యూలు. 5వ పేరా ప్రకారం గవర్నరు ఏ చట్టాన్నయినా షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించకుండా చేయొచ్చు, మార్పులతో వర్తింపజేయొచ్చు. మన చిన్న పడవలకి వేరే రూలు, తక్కువ ఫీజు, ఊళ్ళోనే సర్వే, రేవులోనే డ్రైవరు పరీక్ష, ఇవి అడగడానికి రాజ్యాంగంలోనే దారి ఉంది.

నాలుగు, మనకి తెలిసిన నది. పెద్దవాళ్ళు పోకముందే రాసుకోవాలి. ఏ మందం ఎక్కడ, ఏ రాయి పేరేంటి, ఏ రేవు ఏ ఊరిది, ఎవరి తాత ఎక్కడి నుంచి ఎక్కడికి పడవ వేసేవాడు. నీళ్ళు పైకొస్తే ఆ రాళ్ళూ ఆ సుడులూ కిందికి పోతాయి. హక్కు అడిగేటప్పుడు "మీరు ఇక్కడ తిరిగారనడానికి సాక్ష్యం ఏది?" అంటారు. అప్పుడు సాక్ష్యం చెప్పాల్సిన రేవు నీళ్ళ కింద ఉంటుంది. అటవీ హక్కుల చట్టం కింద పెద్దల మాటని రాసి పెడితే అది కూడా సాక్ష్యమే. కాబట్టి సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఫోనులో రికార్డు చేయండి, గ్రామసభ తీర్మానంలో పెట్టించండి.

తమ్ముడూ, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. ఇంజిన్ బిగిస్తే ఆ పడవకి సర్వే, రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్టున్న డ్రైవరు, లైఫ్ జాకెట్లు ఉండాలి. అది చట్టం, మంటూరు తర్వాత అది మన మంచికే అని నేను నమ్ముతాను. పార్కులోంచి పోయే నీ దారి మాత్రం ఎవరో దయతో ఇచ్చే పర్మిట్ కాకూడదు. అది నీ హక్కు అని కాగితం మీద ఉండాలి. ఆ కాగితం ఇంకా లేదు. చెరువు నిండకముందే రాయించుకోవాలి.

మీ ఊరి రేవు పేరు, అక్కడి నుంచి పడవలు ఎక్కడికి పోయేవో కింద రాయండి. మన జాబితా ఇక్కడి నుంచే మొదలుపెడదాం.

జోహార్.